మంచు కమ్మిన ఇంట కథల వెలుగు

నన్నయకు ముందు తెలుగులో పాటలు, పద్యాలు లేకపోలేదు. అయినా ఆదికవి అనగానే మనకు నన్నయే స్ఫురిస్తాడు. రష్యా దేశీయులకు అటువంటివాడు అలెగ్జాండర్ సెర్గేయెవిచ్ పుష్కిన్. అతనికి ముందు కూడా అక్కడ కవులున్నారు, గొప్పవారే ఉన్నారు. కాని జనం మాట్లాడే భాషకు కావ్యగౌరవం కలిగించి, తరువాత వచ్చిన గొగోల్, దోస్తొయేవ్‌స్కీ, టాల్‌స్టాయ్ వంటి మహారచయితలకు బాట వేసినవాడు పుష్కిన్ అని ఆ దేశం నేటికీ తలుస్తుంది. 37 ఏండ్లు మాత్రమే జీవించిన ఈ కవి కథలో రాజధాని నగరపు విందులున్నాయి, నృత్యశాలలున్నాయి, చక్రవర్తుల ఆగ్రహానుగ్రహాలున్నాయి, చివరకు ఒక ద్వంద్వయుద్ధం ఉంది. చదువరులు సాధారణంగా వాటినే తలచుకొంటారు. అయితే అతనిని రష్యన్ కవిగా తీర్చినవి ఆ వైభవాలు కావు. ఒక మారుమూల పల్లెలో, పాత కొయ్య ఇంటిలో, చదువురాని ఒక ముసలి దాది ఎదుట కూర్చుండి గడిపిన రెండు శీతకాలాలు.

పుష్కిన్ 1799 మే 26వ తేదీన మాస్కోలో జన్మించాడు. ఆనాటి రష్యాలో పాత పంచాంగమే వాడుకలో ఉండేది. ఈ వ్యాసంలోని తేదీలన్నీ ఆ లెక్క ప్రకారమే ఇవ్వబడినవి. ఇప్పటి లెక్కకు మారిస్తే ఆ పుట్టినరోజు జూన్ 6 అవుతుంది. తండ్రి సెర్గేయ్ ల్వోవిచ్ పాత కులీన వంశీయుడు. తల్లి నదేజ్దా ఓసిపొవ్నా, పీటర్ చక్రవర్తి కొలువులో పెరిగి సేనాధికారి అయిన ఆఫ్రికా జాతీయుడు అబ్రామ్ హనిబాల్‌కు మనుమరాలు. ఆ పూర్వీకుని గురించి పుష్కిన్ జీవితాంతం గర్వంగా చెప్పుకొన్నాడు.

ఆనాటి రష్యాలో పెద్దింటివారికి ఫ్రెంచి భాషపై మోజు అంతా ఇంతా కాదు. ఇంటిలో మాటలు ఫ్రెంచిలో, ఉత్తరాలు ఫ్రెంచిలో, తండ్రి గ్రంథాలయంలోని పుస్తకాలు ఫ్రెంచివి, పిల్లలకు చదువు చెప్పే పంతుళ్ళు ఫ్రెంచివారు. బాలుడు పుష్కిన్ మొట్టమొదట అల్లిన పద్యాలు కూడా ఆ భాషలోనివే. రష్యన్ మాత్రం నౌకర్లతో మాట్లాడడానికి పనికివచ్చే భాషగా ఉండేది. దానిని అతని చెవిని వేసినవారు ఇద్దరు స్త్రీలు: అమ్మమ్మ మరియా అలెక్సేయెవ్నా, దాది అరీనా రొదియోనొవ్నా. ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష, ఉద్యోగానికి మరొక భాషగా పిల్లలు పెరిగే మన కుటుంబాలకు ఈ పరిస్థితిని విడమరచి చెప్పనక్కరలేదు. పెద్దలు ఏ భాషను చిన్నచూపు చూస్తున్నారో పిల్లవాడు ఇట్టే కనిపెడతాడు.

అరీనా 1758లో భూస్వాములకు కట్టుబడిన బానిస రైతు కుటుంబంలో పుట్టింది. పుష్కిన్ అక్క ఓల్గాను పెంచడానికి ఆ ఇంటికి వచ్చి, తరువాత పుట్టిన పిల్లలకూ దాదిగా ఉండిపోయింది. ఆమెకు చదవనూ రాదు, వ్రాయనూ రాదు. కథలు మాత్రం లెక్కకు మిక్కిలిగా వచ్చు.

1811లో, 12 ఏండ్ల వయస్సులో, పుష్కిన్ సెయింట్ పీటర్స్‌బర్గ్ సమీపాన త్సార్‌స్కొయె సెలోలో కొత్తగా ప్రారంభమైన లైసీయం అనే రాజవిద్యాలయంలో చేరాడు. మొదటి తరగతిలో చేరినవారు 30 మంది. ప్రతి బాలునికీ ఒక చిన్న గది. 14వ సంఖ్య గది పుష్కిన్‌ది. ప్రక్కనున్న 13వ గది ఇవాన్ పూష్చిన్ అనే బాలునిది. పేర్లలో పోలిక ఉన్నట్లే వారి మనస్సులకూ పొత్తు కుదిరింది. ఈ పూష్చిన్ ముందు ముందు మళ్ళీ కనిపిస్తాడు. 1815లో జరిగిన బహిరంగ పరీక్షలో వృద్ధకవి దెర్జావిన్ ఎదుట పుష్కిన్ తన కవిత చదివి ఆయన మెప్పు పొందాడు. 1817లో చదువు ముగించి విదేశాంగ శాఖలో చిన్న ఉద్యోగంలో చేరాడు. స్వేచ్ఛను కీర్తిస్తూ, అధికారాన్ని ఎత్తిపొడుస్తూ అతడు వ్రాసిన కవితలు అచ్చు కాకపోయినా చేతివ్రాత ప్రతులుగా రాజధాని అంతటా తిరిగాయి. అలెగ్జాండర్ చక్రవర్తికి కోపం వచ్చింది. 1820లో పుష్కిన్‌ను దక్షిణ ప్రాంతాలకు పంపివేశారు. అదే ఏట అతని మొదటి పెద్ద కావ్యం రుస్లాన్, ల్యుద్మీలా అచ్చయి పేరు తెచ్చింది. కాకసస్ పర్వతాలు, క్రిమియా తీరం, కిషినేవ్ పట్టణం, ఒడెస్సా రేవు: నాలుగేండ్ల ఆ ప్రవాసం పేరుకు శిక్షే గాని, ఎండ, సముద్రం, స్నేహబృందాలు, నాటకశాలలు అన్నీ అక్కడ ఉన్నాయి.

ఒడెస్సాలో గవర్నర్ జనరల్ వొరొంత్సోవ్‌తో అతనికి పడలేదు. అంతలో అతడు ఒక మిత్రునికి వ్రాసిన ఉత్తరం పోలీసుల చేతికి చిక్కింది. అందులో తాను నాస్తికవాదాన్ని అధ్యయనం చేస్తున్నట్లు వ్రాసుకొన్నాడు. ఆ కాలానికి అది చాలు. 1824 జూలైలో అతనిని ఉద్యోగం నుండి తొలగించి, ప్స్కోవ్ మండలంలో తల్లికి చెందిన మిహైలోవ్‌స్కొయె అనే పల్లెలో పోలీసుల, మతాధికారుల నిఘాలో ఉండవలసిందిగా ఆజ్ఞాపించారు. ఆగస్టు 9న అతడు ఆ పల్లె చేరాడు. వయస్సు 25 సంవత్సరాలు.

తల్లిదండ్రులు, అక్క, తమ్ముడు అప్పటికి అక్కడే ఉన్నారు. సొంత ఇంట సొంతవారి నడుమ ఉండడం ఊరట కావలసింది, అలా జరుగలేదు. కుమారుని నడవడిని కనిపెట్టి ఉండే బాధ్యతను తండ్రి అధికారుల నుండి స్వీకరించాడు. కన్నతండ్రే కాపలాదారుడయ్యాడన్న బాధ పుష్కిన్‌ను దహించింది. తండ్రీకొడుకుల మధ్య ఘోరమైన కలహం జరిగింది. ఈ ఇంటికన్న కోటలో ఖైదు మేలని, తనను అక్కడికే పంపవలసిందని అధికారికి అర్జీ వ్రాసేటంత దూరం పోయింది. ఆ అర్జీ చేరవలసిన చోటికి చేరకపోవడం అతని అదృష్టం. నవంబరు నాటికి కుటుంబమంతా రాజధానికి వెళ్ళిపోయింది. ఇంటిలో మిగిలినవారు పుష్కిన్, దాది అరీనా, కొందరు పనివారు.

ఆ ప్రాంతపు శీతకాలం ఎటువంటిదో దక్షిణాదివారమైన మనకు ఊహకు అందడం కష్టం. మనకు చలికాలమంటే సంక్రాంతి ముందటి పొగమంచు, తెల్లవారుజామున ఒక దుప్పటి. అక్కడ నవంబరులో కురియడం మొదలుపెట్టిన మంచు ఏప్రిల్ దాకా నేలను వదలదు. డిసెంబరులో పగలు ఏడు గంటలైనా ఉండదు. ఆ కొద్దిసేపూ సూర్యుడు చెట్ల తలలకు కొంచెం ఎగువన బూడిదరంగు మబ్బు చాటున ఉండి దిగిపోతాడు. ఇంటి క్రిందుగా పారే సొరొత్ నది గడ్డకట్టిపోతుంది. పచ్చిక బయలు, నది, చెరువు, దారి అన్నీ ఒకే తెలుపు. దేవదారుల నడుమ గాలి ఊళ పెడుతుంది. ఉత్తరాలు తెచ్చే బండి ఎప్పుడు వస్తుందో తెలియదు. ఒడెస్సాలోని ఇటాలియన్ సంగీత నాటకాలకు అలవాటుపడిన యువకునికి ఇది సజీవ సమాధిగా తోచడంలో వింత లేదు.

ఇల్లు తాత ఓసిప్ హనిబాల్ కాలం నాటిది, ఒకే అంతస్తు, కొయ్యతో కట్టినది. అప్పటికే పాతబడింది. వంటచెరకు పొదుపు కోసం కాబోలు, చలికాలంలో పుష్కిన్ గదిని, దాది గదిని తప్ప తక్కిన ఇంటిని వెచ్చబెట్టేవారు కారు. ముంగిటి మెట్ల ప్రక్కనే అతని గది. అందులో తెర కట్టిన మంచం, వ్రాతబల్ల, ఒక సోఫా, పుస్తకాల బీరువా. అంతటా కాగితాలు చెల్లాచెదురుగా పడి ఉండేవి. అరిగిపోయి వ్రేళ్ళ మధ్య పట్టు దొరకనంత చిన్నవైన ఈక కలాలతో వ్రాయడం అతనికి బడి నాటి నుండి అలవాటు. కొరికిన ముక్కలు, కాలిన ముక్కలు గదినిండా ఉండేవి. నడవకు అవతలి వైపున ఎదురుగా దాది గది. అక్కడ పల్లె ఆడపిల్లలు చట్రాలు ముందు పెట్టుకొని కుట్టుపని చేస్తుంటే అరీనా వారిపై అజమాయిషీ చేసేది. రెండు తలుపులు, మధ్య ఒక నడవ. రష్యన్ సాహిత్య చరిత్రలో ఇంత చిన్న స్థలంలో ఇంత పెద్ద మార్పు మరొకటి జరిగి ఉండదు.

పగలు అతడు చదివేవాడు, వ్రాసేవాడు, గుర్రమెక్కి తిరిగేవాడు. వెచ్చదనం లేని పెద్ద గదిలో బిలియర్డ్సు బల్లపై ఒక్కడే ఆడుకొనేవాడు. నడచిపోగల దూరంలోని త్రిగోర్‌స్కొయెలో ప్రస్కోవ్యా ఓసిపొవా అనే గృహిణి, ఆమె కుమార్తెలు ఉండేవారు. మంచి పుస్తకాలు, పియానో ఉన్న ఇల్లు అది. అక్కడికి వెళ్ళివచ్చేవాడు. తమ్ముడు లేవ్‌కు పుస్తకాలు పంపుమని ఉత్తరాల మీద ఉత్తరాలు వ్రాసేవాడు. మధ్యాహ్నం గడవకముందే చీకటి పడేది. అప్పుడు క్రొవ్వొత్తి వెలిగించి దాది కథలు వినేవాడు.

ఈ సంగతి ఎవరో తరువాత అల్లిన ముచ్చట కాదు. 1824 చివరలో పుష్కిన్ స్వయంగా మిత్రులకు, తమ్మునికి వ్రాసిన ఉత్తరాలలో ఉంది. సాయంకాలాలు దాది కథలు వింటున్నాననీ, పాడు పెంపకం వలన తనలో మిగిలిన లోటును ఆ విధంగా పూడ్చుకొంటున్నాననీ, ఆ కథలు ఒక్కొక్కటి ఒక్కొక్క కావ్యమనీ అతడు వ్రాశాడు. ఇందులో గమనింపదగినది లోటు అనే భావన. పెద్ద విద్యాలయంలో చదివి, దేశమంతటా పేరు పొంది, ఫ్రెంచి, లాటిన్ గ్రంథాలు తిరగవేసిన కవి తనకు విద్య కొరవడిందని గ్రహించాడు. ఆ కొరవడిన విద్య ఎదురు గదిలో ఉన్నది.

విన్నదానిని విని ఊరుకోలేదు. నోటుపుస్తకంలో ఏడు కథల సారాన్ని పొట్టి పొట్టి వాక్యాలలో వ్రాసిపెట్టుకొన్నాడు. పెండ్లి పాటలు, ఇతర జానపద గీతాలు కూడా సేకరించాడు. తరువాతి కాలంలో ఆ పాటలను జానపద గేయ సంకలనకర్త అయిన కిరెయెవ్‌స్కీకి అందజేశాడు. 1825 మే నెలలో దగ్గరలోని స్వ్యతొగోర్‌స్క్ మఠం వద్ద తిరునాళ్ళు జరిగితే ఎర్రటి పల్లెటూరి చొక్కా తొడుక్కొని వెళ్ళి, గుడ్డి బిచ్చగాండ్రు పాడే భక్తిగీతాలు వింటూ వారి మధ్య కూర్చున్నాడు. అతనిపై నిఘా ఉంచినవారికి ఆ చొక్కా కూడా అనుమానాస్పదంగానే తోచింది!

ఆ ఏడు కథలలో ఒకటి, తల్లితోపాటు పీపాలో పెట్టి సముద్రంలో వదలబడిన రాకుమారునిది. 1831లో అది జార్ సాల్తాన్ కథ అనే పద్యకథగా రూపొందింది. పిసినారి పురోహితుని వద్ద పనికి కుదిరిన బల్దా కథ 1830లో, చనిపోయిన రాకుమారి, ఏడుగురు వీరుల కథ 1833లో పద్యరూపం పొందాయి. సింధూర వృక్షానికి చుట్టిన బంగారు గొలుసుపై పచార్లు చేస్తూ కథలు చెప్పే పిల్లి కూడా దాది నోటి నుండి వచ్చినదే. రుస్లాన్, ల్యుద్మీలా కావ్యాన్ని 1828లో మరల అచ్చు వేసినప్పుడు పుష్కిన్ ఆ పిల్లిని దాని ఉపోద్ఘాతంలో ప్రవేశపెట్టాడు. ఆ పంక్తులు కంఠతా రాని రష్యన్ బాలుడు ఉండడు. ముసలివాడు, బంగారు చేప కథ కూడా అరీనా చెప్పిందేనని కొందరు భావిస్తారు గాని, దాని మూలాన్ని పండితులు జర్మనీకి చెందిన గ్రిమ్ సోదరుల సంకలనంలో గుర్తించారు. విన్న కథ వెంటనే కావ్యం కాలేదన్నది కూడా మరువరాదు. మంచు కాలంలో నాటిన గింజ మొలకెత్తడానికి ఐదారేండ్లు పట్టింది.

వెంటనే ఫలించినవీ ఉన్నాయి. యెవ్గేనీ అనేగిన్ అనే పద్యనవలను అతడు దక్షిణాదిలో ప్రారంభించాడు. మొదటి ప్రకరణంలో రాజధాని, నాటకశాల, ఫ్యాషన్ దుస్తులు. మిహైలోవ్‌స్కొయెకు వచ్చిన తరువాత మూడవ ప్రకరణాన్ని పూర్తిచేసి, నాలుగు, ఐదు, ఆరు ప్రకరణాలు వ్రాశాడు. వాటిలో గాలి మారింది. నాయిక తత్యానా పల్లె పిల్ల. ఆమెకు తోడు ఒక ముసలి దాది. ఆ దాదికి మూలం తన అరీనాయేనని పుష్కిన్ ఒక ఉత్తరంలో ఒప్పుకొన్నాడు. ఐదవ ప్రకరణాన్ని 1826 జనవరి 4న మొదలుపెట్టాడు. ఆలస్యంగా కురిసిన తొలి మంచు, తెల్లవారి కిటికీ గుండా దానిని చూసే తత్యానా, మంచులో బండి తోలుకుపోయే రైతు, కుక్కను బండిలో కూర్చోబెట్టి తాను గుర్రమై పరుగెత్తే కుర్రవాడు, క్రిస్‌మస్ పండుగనాళ్ళలో ఆడపిల్లలు చెప్పించుకొనే జోస్యాలు: ఇవన్నీ కిటికీ దగ్గర కూర్చున్నవాడు చూడగలిగినవే. ఏ మబ్బు అతనికి చెరగా తోచిందో ఆ మబ్బు క్రిందనే కావ్యవస్తువు కనబడింది. శీతకాలపు సాయంత్రం అనే ప్రసిద్ధ గేయం కూడా 1825 నాటిదే. బయట తుపాను, లోపల మినుకుమనే గుడిసె, కదురు పట్టుకొని కునికిపాట్లు పడే వృద్ధురాలు, ఆమెను ఒక పాట పాడుమనే కవి, ఉన్నదంతా అంతే.

1825 జనవరి 11వ తేదీ ప్రొద్దుటి సంఘటన మరువరానిది. ఎనిమిది గంటల వేళ, ఇంకా చీకటి పూర్తిగా విడవకముందే, మంచుబండి గంటల చప్పుడు ముంగిట ఆగింది. పుష్కిన్ కిటికీలోంచి చూసి, వంటిమీద ఒక్క చొక్కాతో, కాళ్ళకు ఏమీ లేకుండా మెట్లమీదికి పరుగెత్తి వచ్చి చేతులెత్తి నిలబడ్డాడు. వచ్చినవాడు 13వ గది మిత్రుడు పూష్చిన్. నిఘాలో ఉన్నవానిని చూడబోవద్దని పెద్దలు హెచ్చరించినా వినకుండా వచ్చాడు. అతడు పుష్కిన్‌ను ఎత్తుకొని లోపలికి తీసుకువచ్చాడు. ఒకరు దిగంబరప్రాయుడు, మరొకరు నిలువెల్లా మంచు. ఇద్దరి కన్నులలో నీరు. నడవలోకి వచ్చిన అరీనా వచ్చినవారెవరని అడుగకుండానే అతిథిని కౌగలించుకొన్నది.

ఆ రోజంతా మాటలతో, కాఫీతో, పొగాకు పైపులతో, నవ్వులతో గడిచింది. పూష్చిన్ మూడు సీసాల షాంపేన్ తెచ్చాడు. తక్కిన ఇంటిని ఎందుకు వెచ్చబెట్టలేదని దాదిని కేకలు కూడా వేశాడు. అంతకన్న విలువైన కానుకగా గ్రిబొయెదోవ్ వ్రాసిన తెలివి తెచ్చిన చేటు అనే నాటకపు చేతివ్రాత ప్రతి తెచ్చాడు; ఆ నాటకం అప్పటికి పూర్తిగా అచ్చు కావడానికి అనుమతి లేదు. పుష్కిన్ దానిని పైకి చదువుతుండగా మఠం నుండి మతాధికారి వచ్చి తలుపు తట్టాడు. పుష్కిన్ గబగబా బల్లమీద ఋషుల చరిత్రల గ్రంథం తెరిచి పెట్టాడు! సన్న్యాసి టీ త్రాగి, క్షేమసమాచారాలు అడిగి వెళ్ళిపోయిన తరువాత నాటకం మళ్ళీ సాగింది. రాత్రి గడియారం మూడు కొట్టేవేళకు బండి సిద్ధమయింది. పుష్కిన్ చేతిలో క్రొవ్వొత్తితో మెట్లమీద నిలిచి వీడ్కోలు చెప్పాడు. ఆ మిత్రులు మళ్ళీ కలుసుకోలేదు.

ఇంత చెప్పినంత మాత్రాన ఆ పల్లె అతనికి తపోవనమని అనుకోరాదు. చెర చెరే. కాలి నరపు వ్యాధికి చికిత్స అనే నెపంతో విదేశాలకు వెళ్ళిపోవాలని అతడు ఎన్నో ఎత్తులు వేశాడు. తల్లి చక్రవర్తికి విన్నవించుకొన్నది. చికిత్సకు ప్స్కోవ్ పట్టణం చాలునని జవాబు వచ్చింది. విసుగు, కోపం, జబ్బు చేసిన వానివలె పడుకొని ఉండడం, ఇవన్నీ ఆ ఉత్తరాలలో కనిపిస్తాయి. వీటి నడుమనే బోరిస్ గొదునోవ్ విషాదనాటకం వ్రాశాడు. కరమ్‌జిన్ రష్యా చరిత్ర సంపుటాలను ముందు పెట్టుకొని, షేక్స్‌పియర్ మార్గాన్ని ఆదర్శంగా తీసుకొని, రాజులతోపాటు సత్రం పెట్టిన స్త్రీని, తిరుగుబోతు సన్న్యాసులను, బజారు జనాన్ని కూడా రంగస్థలం మీదికి తెచ్చాడు. 1825 నవంబరు 7న అది పూర్తయింది. ఒక్కడే గదిలో దానిని పైకి చదువుకొని, చప్పట్లు కొట్టుకొని, తన్ను తానే తిట్టిమెచ్చుకొన్నానని మిత్రునికి వ్రాశాడు. ప్రేక్షకులు లేనివాని ఆనందమది!

తరువాతి నెలలో దేశం అట్టుడికింది. అలెగ్జాండర్ చక్రవర్తి నవంబరు 19న మరణించాడు. డిసెంబరు 14న కొత్త చక్రవర్తి నికొలాయ్‌కు వ్యతిరేకంగా సెయింట్ పీటర్స్‌బర్గ్ సెనేట్ మైదానంలో కొందరు సైనికాధికారులు తిరుగుబాటు చేశారు. పూష్చిన్ వారిలో ఒకడు. సరిగా ఆ 13, 14 తేదీల ఉదయాలలో, ఈ సంగతులేవీ తెలియని పుష్కిన్ మిహైలోవ్‌స్కొయెలో నూలిన్ ప్రభువు అనే హాస్యకావ్యం వ్రాస్తున్నాడు. వార్త చేరినప్పుడు తన ఆత్మకథ వ్రాతలను అగ్నికి ఆహుతి చేశాడు; వాటిలోని పేర్లు మిత్రులకు ముప్పు తెస్తాయని భయం. 1826 జూలై 13న ఐదుగురిని ఉరితీశారు. నూరుమందికి పైగా సైబీరియాకు పంపబడ్డారు. ఆ పిమ్మట పుష్కిన్ వ్రాతప్రతుల అంచులలో ఉరికొయ్యల బొమ్మలు కనిపిస్తాయి. నిర్బంధం లేకుండా రాజధానిలోనే ఉండి ఉంటే అతడూ ఆ మైదానంలో ఉండేవాడే. శిక్షగా వచ్చిన ఏకాంతం అతని ప్రాణం కాపాడింది.

1826 సెప్టెంబరులో చక్రవర్తి దూత అర్ధరాత్రి వచ్చి అతనిని వెంటబెట్టుకొని పోయాడు. ఎందుకు తీసుకుపోతున్నారో తెలియక అరీనా విలపించింది. మాస్కోలో నికొలాయ్ చక్రవర్తి అతనికి స్వేచ్ఛ ఇచ్చాడు. దానికి మారుగా అతని వ్రాతలను తానే పరిశీలిస్తానన్నాడు. ఆ స్వేచ్ఛ ఎంతటిదో పుష్కిన్‌కు త్వరలోనే తెలిసివచ్చింది. ఆ ఏటి చివరిలో అతడు తనంతట తానే మిహైలోవ్‌స్కొయెకు కొంతకాలం తిరిగి వెళ్ళాడు. సైబీరియాలో ఉన్న పూష్చిన్‌కు ఒక కవిత వ్రాసి పంపాడు. 1828 జనవరిలో చితా కారాగారానికి చేరిన దినాననే, కొయ్యకంచె సందులోంచి ఒక ఖైదీ భార్య దానిని పూష్చిన్ చేతికి అందించింది.

అరీనా పుష్కిన్‌ను తన బిడ్డగానే భావించేది. అతడు ఆమెను అమ్మా అనే పిలిచేవాడని ఆ ఇంటి బండివాడు ముసలితనంలో గుర్తుచేసుకొన్నాడు. అక్షరం రాని ఆమె 1827లో ఇతరులచేత వ్రాయించి అతనికి ఉత్తరం పంపింది. ఆయన రాకకోసం ఎదురుచూస్తున్నాననీ, గుర్రాలన్నిటినీ దారికి ఎదురు పంపుతాననీ చెప్పించింది. మరుసటి ఏడు 1828లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, తాను మొదట పెంచిన ఓల్గా ఇంట ఆమె కన్నుమూసింది. ఆమె సమాధి చోటు నిలువలేదు. పుష్కిన్ పద్యకథలు మూడూ ఆమె పోయిన తరువాతనే వెలువడినవి.

1831లో పుష్కిన్ నతాల్యా గొంచరోవాను వివాహమాడాడు. పిల్లలు, అప్పులు, రాజాస్థానపు చిక్కులు పెరిగాయి. 1835 శరదృతువులో ఒకసారి మిహైలోవ్‌స్కొయెకు వెళ్ళాడు. ఇల్లు ఉంది, దారి ప్రక్క దేవదారులు ఉన్నాయి, వాటి చుట్టూ కొత్తగా చిన్న మొక్కలు లేచాయి. నడవకు అవతలి గదిలో అడుగుల చప్పుడు మాత్రం లేదు. ఆ వెళ్ళిన సందర్భంలో వ్రాసిన కవితలో అతడు దాదిని తలచుకొన్నాడు. 1836లో తల్లి మరణిస్తే ఆమెను స్వ్యతొగోర్‌స్క్ మఠం చెంత ఖననం చేయించి, ప్రక్కనే తనకూ చోటు కొనిపెట్టుకొన్నాడు.

ఆ చోటు అక్కరకు రావడానికి ఒక్క ఏడైనా పట్టలేదు. భార్యను గూర్చి పుట్టిన అపవాదుల మూలంగా 1837 జనవరి 27న దాంతెస్ అనే ఫ్రెంచి జాతీయునితో ద్వంద్వయుద్ధం జరిగింది. పొట్టలో గుండు దిగి రెండు రోజులు బాధపడి 29న పుష్కిన్ మరణించాడు. రాజధానిలో జనం గుమికూడుతారని ప్రభుత్వం భయపడింది. శవపేటికను మంచుబండికి ఎత్తి, ఒక పోలీసు అధికారిని తోడిచ్చి, రాత్రివేళ పంపివేశారు. కుటుంబమిత్రుడు అలెగ్జాండర్ తుర్గేనెవ్, చిన్ననాటి నుండి పుష్కిన్‌ను కనిపెట్టి ఉన్న ముసలి సేవకుడు నికీతా కొజ్లోవ్ వెంట ఉన్నారు. ఫిబ్రవరి 5 రాత్రికి వారు త్రిగోర్‌స్కొయె చేరారు. ఆ పరిసరాల రైతులు రాయివలె గడ్డకట్టిన నేలను త్రవ్వారు. 6వ తేదీ ఉదయం, మంచు కప్పిన మఠపు గుట్టపై, తల్లి సమాధి ప్రక్కన అతనిని ఖననం చేశారు.